ఎడారిలో పొగమంచు దిగింది పద్మా

ఏమే పద్మా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడే, అంటే ఈ పొద్దున, ఆస్ట్రేలియా ఎడారి మధ్యనున్న మన ఆలిస్ స్ప్రింగ్స్‌లో పొగమంచు దిగింది. నీ తల మీద చెయ్యేసి ఒట్టు పెడదామంటే నువ్వు లేవు. రాత్రి పడిన వానకి ఎర్రమట్టంతా నాని, తెల్లారేసరికి ఎదురింటి కంచె కూడా కనపడలేదు.

ఈ ఎడారికొచ్చిన నాటి నుంచీ అరకు మంచు, అరకు మంచు అని నా బుర్ర తినేశావు. నేనేమో నిద్రపోతున్న నిన్ను "మంచొచ్చిందే, లే" అని లేపి, నువ్వు వాకిట్లోకి పరిగెడితే పగలబడి నవ్వేవాణ్ణి. మన అమ్మాయి స్వాతి ఆ నాటకాలన్నీ చూస్తూనే పెరిగింది. అందుకే ఇవాళ దాని గది తలుపు బాదితే "నైస్ ట్రై, డాడ్" అని ముసుగుతన్నింది. ఎండెక్కితే మంచు నిలవదు. నువ్వెలాగూ చూడలేదు, అదైనా చూడాలి కదా! "నీ కారెవడో తోలుకుపోతున్నాడే!" అని అరిచాను.

చెప్పుల్లేకుండా దూకింది. నన్ను తిట్టబోయి, గుమ్మంలోనే ఆగిపోయింది. "మమ్ షుడ్ బి హియర్" అంది. అది మంచులోకి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగేసరికి దానికి నేను కనపడలేదు.

"డాడ్? ప్లీజ్, దాక్కోకు." ఎప్పుడూ ఇంగ్లీషే మాట్లాడే పిల్ల, తెలుగులో అడిగింది.

దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు నాకు జన్మలో దొరకదు. "ఇక్కడే ఉన్నానే తల్లీ" అంటూ వెళ్లి దాని చెయ్యి పట్టుకున్నాను.