పాలల్ల చాపలు

14 అక్టోబర్ 2022
మా ఆయన రత్నాకర్ ఇంకా దొరకలేదు. స్కూటర్ చెరువు అలుగు కింద దొరికింది, మనిషి దొరకలేదు. దొరకని మనిషి పోయినట్టు ఎట్లా అవుతుంది? గట్టిగా అడిగితే జర నీళ్లు తాగమంటారు. నీళ్లు!

20 అక్టోబర్
ఇవాళ ఆయన పేరున పిట్టకు పెట్టారు. మేడమీద విస్తరిలో మటన్, గారెలు, పక్కన కల్లు. కాకి వచ్చి పిట్టగోడ మీద కూర్చుంది, చూసింది, ముట్టలేదు. ఎండ మండిపోతోంది. కాకి మాత్రం తడిసి ముద్దయి ఉంది.
ముట్టకపోతే పోయినవాడికి కోరిక మిగిలినట్టు అని అందరూ గుసగుసలాడారు. నాకు సంతోషం వేసింది. పిట్ట ముట్టలేదంటే నా మొగుడు ఉన్నట్టే.

24 అక్టోబర్
దీపావళి. దీపం పెట్టబోతే ఈ ఏడు మనకు లేదని అత్తమ్మ ఆపింది. అగ్గిపెట్టె విసిరికొట్టాను.

25 అక్టోబర్
అత్తమ్మ పట్టు వదలదు. పిలగాడు తడిబట్టలతోని తిరుగుతున్నడు, సాగనంపాలె అంటుంది. వాడు పానం పెట్టి తినేదేందో నీకే ఎరుక, అది వండు బిడ్డా అంది.
ఎరుకే. ఆదిబట్ల దగ్గర గెస్ట్ హౌస్‌లో నార్వే ఇంజనీర్లకు వండేవాడు. ఆదివారం అదే వంట మా ఇంట్లో. ఫిస్కెకాకర్ అంటే జాజికాయ వేసిన చేప వడలు. ఫిస్కెసుప్పె అంటే చేపల సూప్, పాలు, క్రీమ్ పోసి. అది పొయ్యి మీద చూస్తే అత్తమ్మ లబలబలాడేది. పాలల్ల చాపలేస్తే బొల్లొస్తది, మీ కర్మ అనేది. ఆయన నవ్వి ఇంకో గిన్నె నింపుకునేవాడు.
పైన సోయకూర చల్లేవాడు, వాళ్ల పద్ధతి అని. తను మాత్రం ఒక్క రెమ్మ తినడు. ఏరి ఏరి నా పళ్లెం అంచున పెట్టేవాడు. ఇది మా ఇద్దరికే తెలుసు.

28 అక్టోబర్
మరిది శ్రీపాల్‌ను చేపలు తెమ్మన్నాను. మన చెరువువి మాత్రం వద్దన్నాను. ఎందుకని వాడు అడగలేదు.
వడలు చేశాను. జాజికాయ వేయలేదు, కావాలనే. కాకి ముట్టలేదు.

30 అక్టోబర్
సూప్ చేశాను, పాలు పోయకుండా. ముట్టలేదు. అన్నం కడుపునిండా తిన్నాను.

31 అక్టోబర్
మేడ మెట్ల మీద తడి అడుగులు. వాన లేదు.

2 నవంబర్
అత్తమ్మ కనిపెట్టేసింది. పాలప్యాకెట్ తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. బొల్లొస్తే నాకు రానీ, పాలు పొయ్యి అంది. కన్నతల్లిని, నాకేమన్న సంబురమా అని ఏడ్చింది. ఇద్దరం ఏడ్చాం. సరిగ్గా వండుతానని మాటిచ్చాను.

6 నవంబర్, ఆదివారం పొద్దున
పాలు పోశాను. క్రీమ్ వేశాను. సముద్రం చేప, క్యారెట్, ఉల్లికాడ, అన్నీ ఆయన వేసినట్టే. పైన సోయకూర, దోసెడు. అచ్చం వాడు చేసినట్టే ఉందని అత్తమ్మ మురిసిపోయింది. పిచ్చితల్లి! సోయకూర ఏరనిదే ఆయన ముట్టడు, కాకికి ఏరడం ఎక్కడ వస్తుంది! ముట్టకపోతే ఉన్నట్టే. మాట తప్పలేదు, నా మొగుణ్ణీ వదులుకోలేదు.

మధ్యాహ్నం
కాకి వచ్చింది. తడిగానే. గిన్నెలోని సోయకూర ఒక్కొక్క రెమ్మే ఏరి, విస్తరి అంచున, నా వైపు పెట్టింది. అంతా ఏరాక తినడం మొదలుపెట్టింది.
అత్తమ్మ దండం పెట్టింది.
నేను కూర్చుని ఆ రెమ్మలన్నీ తిన్నాను.