రాళ్ల మహల్లో అడ్డుచెప్పేవాడు

ఆదివారం, రాత్రి

ఇది రాయకుండానే పడుకుందామనుకున్నాను. పెద్ద రాతిగుండ్ల మధ్య ఉన్న ఆ పాత వేసవి మహల్‌కు ఇవాళ ఒక్కణ్ణే వెళ్లాను. నా జోడీ యాదగిరి చనిపోయాక ఇదే మొదటిసారి. ముప్ఫై ఏళ్లు మా పద్ధతి ఒకటే: చూడవచ్చినవాళ్లకు నేను కోతలు కోయాలి, “ఏందిరా గీ జూట్ మాటలు!” అని వాడు అడ్డం పడాలి. నా చదువంతా సగం చిరిగిన పొట్లాం కాగితాల మీదే, అందుకే నా కథలకు ముగింపు ఉండదు. అది వాడే పెట్టేవాడు.

ఇవాళ ఒక కుటుంబానికి, నవాబు తన బేగం కోసం ఈ గుండ్లకు రోజూ పన్నీటి స్నానం చేయించేవాడని చెప్పాను. “అవునా తాతా!” అని నమ్మేశారు. ఇక నా అబద్ధాలన్నీ నిజాలైపోతాయేమో...

తిరిగొస్తుంటే, ఇందాక నా మాటలు విన్న వాచ్‌మన్ ఆ పన్నీటి కథే ఇంకొకరికి చెబుతున్నాడు.

“అదంతా జూట్” అన్నాను.

“నీకేమెరుక తాతా? జెర పక్కకు జరుగు, ఫొటో దిగుతున్నరు.”

జరిగాను.