కొంగు మీద అదనపు పిందె

చిత్తూరు, అక్టోబరు 1947

దేవకమ్మకు, ఇక్కడ నేను కులాసా.

పెంచలయ్య చేత నీకో చీర పంపాను. నేను పనిచేసే చీరల అద్దకం షెడ్డులో మేస్త్రీ దొరస్వామి "ఆరేదాకా యాడ కాసుకోనుండేది, ఎయ్యప్పా!" అని తొందరపెట్టి, తడి రంగు మీదనే అచ్చు చట్రం పెట్టించాడు. కొంగుకు మరక పడింది. ఒక అచ్చు చోటు విడిచి ఒకటి వేసి, ఆరాక సందులు నింపుదామంటే ఆ మూర్ఖుడు వినలేదు. షావుకారు పనికిరాదని తోసేసిన ఆ చీర అడిగి తీసుకొని, మరక మీద మామిడిపిందె అద్దాను. మొదటిసారి ఉప్పునీళ్లలో జాడించు. ఎనుము ఈనిందా?

నేను చదువుకుంటూ కూర్చుంటే "ఆ పుస్తకాలు బువ్వ పెడతాయా బావా?" అని నీ తమ్ముడు ఎకసెక్కమాడినందుకే కదా ఇల్లు విడిచాను. ఏడాదిగా నీ ముఖం చూడలేదు. పంచమి తీర్థానికి ఆ చీర కట్టుకొని తిరుచానూరు రా. ఇంట్లో అందరికీ దీవెనలు, నీ తమ్ముడికి తప్ప. తీర్థం నాడు తెల్లవారినప్పటి నుంచీ అక్కడి పూలంగళ్ల దగ్గరే నిలబడి ఉంటాను.

గురవయ్య