నాలుగు మాటల బోర్డు

బ్యూర్నెస్,
ఫిబ్రవరి 6, గురువారం.

చిరంజీవి తూవాకి,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. అందరం అని రాయడం చేతికి అలవాటైపోయింది గాని, ఇప్పుడీ ఇంట్లో అందరం అంటే నేనూ కుక్కా. కుక్క మాత్రం నిజంగానే బాగుంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోనులో అడిగితే నేను ఊఁ ఊఁ అంటానే తప్ప జవాబు చెప్పనని, అందుకే కాగితం మీద అడుగుతున్నానని రాశావు. మంచి పని చేశావు. నీ ప్రశ్నలన్నిటికీ వరసగా జవాబు రాస్తాను. చివరి ప్రశ్నకి చివర్లోనే వస్తాను, కాస్త ఓపిక పట్టు.

తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. ఇవాళ గురువారం కాబట్టి, ఇక్కడి ఆనవాయితీ ప్రకారం, బఠాణీ సూపు కాచాను. అమ్మ చేసినట్టు రాలేదు, ఆవముద్ద ఇంత కలిపి మింగేశాను. డీప్ ఫ్రీజర్‌లో దుప్పి మాంసం ఎందుకు అలాగే ఉంచావని అడిగావు. ఆ పొట్లాల మీద చీటీలన్నీ అమ్మ రాసినవి. "మెడ, పులుసుకి", "ఇది తూవా వచ్చినప్పుడు", ఇలా. కరగబెడితే సిరా చెదిరిపోతుంది. అందుకని వాటి జోలికి పోవడం లేదు. కప్పు మీది మంచు తీయించావా అన్నావు. తీయించడమేమిటి, నేనే ఎక్కి తీశాను. అరవై రెండేళ్ళవాడు నిచ్చెన ఎక్కకూడదని నువ్వు మళ్ళీ రాయకు.

ఆసుపత్రి వరండాలో బైఠాయింపుకి నేను వెళ్ళడం లేదని నీకెవరు చెప్పారో నాకు తెలుసు. సిగ్‌బ్రిత్ చెప్పి ఉంటుంది. ఎంతైనా నీ పెద్ద పంతులమ్మ కదా, హాజరు పట్టీ చూడకుండా ఉండలేదు. బైఠాయింపు నడుస్తూనే ఉంది. అత్యవసర విభాగం మూసేసి మూడేళ్ళు దాటింది, ఈ మూడేళ్ళలో ఒక్క రోజు కూడా ఆ వరండాలో కుర్చీలు ఖాళీ లేవు. నాలుగేసి గంటల వంతులు, ఫ్లాస్కులో కాఫీ, దాల్చినచెక్క బన్నులు, అల్లిక సూదులు. అంతా అలాగే ఉంది. నేనే క్రిస్మస్ నుంచి వెళ్ళడం మానేశాను. ఎందుకంటే అక్కడ గుమ్మానికి ఎదురుగా అమ్మ ఫొటో పెట్టారు, తలుపంత ఎత్తున.

ఆ ఫొటో సంగతి చెప్పేముందు పాత బోర్డు సంగతి చెప్పాలి. ఊరి పొలిమేరలో పెద్ద రోడ్డు పక్కనుండే పసుపు బోర్డు. నువ్వు గర్వంగా స్నేహితులకి చూపించేదానివి, మా నాన్న రాశాడని. అవును, నేనే రాశాను. ముప్పై ఏడేళ్ళు కొట్లకీ లారీలకీ పేర్లు రాసి బతికినవాణ్ణి, ఊరికోసం ఒక బోర్డు రాయనా? కాని మొదట నేను రాసుకెళ్ళిన మాటలు వేరు. "మన ఊరి అంబులెన్సుకి నెలలో రెండు వారాంతాలు సిబ్బంది ఉండరు. ఆ రోజుల్లో పక్క ఊరినుంచి బండి రావడానికి గంట పడుతుంది." అదీ నిజం. అచ్చంగా అంతే నిజం.

సిగ్‌బ్రిత్ కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చదివింది. "ఏంటిది రోలండూ, బోర్డా, వ్యాసమా? తొంభైలో కారు పోనిచ్చేవాడు ఇదంతా ఆగి చదూతాడా?" అంది.

"ఉన్నదే కదమ్మా రాశాను."

"ఉన్నది ఉన్నట్టు ఏడాదికి పైగా అర్జీల్లో రాశాం. ఎవడైనా చదివాడా? నాకు నాలుగు మాటలియ్యి. గుచ్చుకోవాలి."

వరండాలో కూర్చున్నవాళ్ళందరూ తలో మాటా తీసేశారు. ఒకళ్ళు నెలలో రెండు అన్నది తీశారు. ఒకళ్ళు వారాంతం తీశారు. అమ్మ మాత్రం, "పక్క ఊరు అన్న ముక్కైనా ఉంచండే, వాళ్ళైనా వస్తారుగా," అంది. అదీ ఉండలేదు. చివరికి మిగిలింది నీకు తెలిసిందే. "ఇక్కడ పిలిచినా అంబులెన్సు రాదు." అడుగున్నర ఎత్తు అక్షరాలు, పసుపు మీద నలుపు. రాస్తుంటే చెయ్యి ఎంత హాయిగా కదిలిందనుకున్నావు! వారంలో పత్రికవాళ్ళు వచ్చారు, టీవీవాళ్ళు వచ్చారు. జిల్లా సభలో మన ఊరి పేరు మొదటిసారి వినబడింది. సిగ్‌బ్రిత్ నన్ను వాటేసుకుంది. ఏడాది అర్జీలు చెయ్యలేని పనిని నాలుగు మాటలు చేశాయి, అది మాత్రం కాదనలేను.

తరవాత అవే మాటలు చొక్కాల మీదికి ఎక్కాయి, కార్ల అద్దాల మీదికి ఎక్కాయి, నేనే అచ్చులు కోసిచ్చాను. రోజూ కుక్కని తిప్పడానికి వెళ్ళి ఆ బోర్డు కిందనుంచే తిరిగొచ్చేవాణ్ణి. ఏడాదిన్నరపాటు రోజూ చదివాను. నేను రాసిందాన్ని నేనే.

ఇక అమ్మ ఫొటో బోర్డు. అమ్మ అంత్యక్రియలైన తొమ్మిదో రోజున సిగ్‌బ్రిత్ వచ్చింది. బన్నులు తెచ్చింది, ఏడ్చింది, నిజంగానే ఏడ్చింది. తరవాత ముక్కు తుడుచుకుని, "అంకెలకి ఎవరి కళ్ళూ చెమర్చవు రోలండూ, ముఖం కావాలి. గున్‌వోర్ ఉంటే తనే ఇచ్చేది," అంది. నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగింది. పది గంటలకి అన్నాను. అంబులెన్సువాళ్ళు ఎప్పుడొచ్చారని అడిగింది. పన్నెండు దాటాక అన్నాను. ఆ మధ్యలో ఏం జరిగిందని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు. ఆల్బంలోంచి ఫొటో మాత్రం తీసిచ్చాను, చెరువు దగ్గర ఎర్ర స్వెట్టరుతో నవ్వుతున్నది. దాని కింద "గున్‌వోర్ రెండు గంటలు ఎదురుచూసింది" అని వేశారు. అక్షరాలు నన్నే రాయమన్నారు. చేతులు వణుకుతున్నాయని తప్పించుకున్నాను.

ఆ రెండు గంటలూ ఎక్కడికి పోయాయో ఊరికి కావాలి కదా. అమ్మ పోయిన శనివారం అంబులెన్సు బండి మీద పనిలో ఉన్నది ఎమ్మెలీ. నువ్వు ఎరుగుదువు, రంపపు మిల్లు పక్కింటి పిల్ల, నీకంటే ఐదారేళ్ళు పెద్ద. కొట్లో వరసలో నిలబడితే వెనకనుంచి ఎవరో, "ఆ రోజు ఎక్కడ పడి నిద్రోయావమ్మా?" అన్నారు. ఆ పిల్ల సంచీ అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. అంబులెన్సు స్టేషను తలుపు మీద ఎవరో "రెండు గంటలు" అని రంగుతో రాశారు. ఎంత చండాలపు అక్షరాలో! అయినా చదవడానికి సరిపోయాయి. రోగి సంగతులు బయట చెప్పకూడదని వాళ్ళకి చట్టం ఉంది. అందుకని ఆ పిల్ల ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట అన్నప్పుడు అదే కొట్లో పాల సీసా పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇప్పుడు నీ చివరి ప్రశ్న. పద్నాలుగో తారీకున జిల్లా సభలో అమ్మ ఫొటో పట్టుకుని మాట్లాడబోతున్నావు. సభ్యులు ఎదురు ప్రశ్నలు వేస్తారు గనక నిమిషాలతో సహా కావాలన్నావు. "అమ్మకి నొప్పి ఎప్పుడొచ్చింది, నువ్వు ఎప్పుడు పిలిచావు, వాళ్ళు ఎప్పుడొచ్చారు?" అని మూడు గీతలు గీసి ఖాళీలు వదిలి పంపావు. నింపుతున్నాను.

పది గంటలకి వచ్చింది. వంటింట్లో కాఫీ పోస్తూ చెయ్యి బల్లకి ఆనించి, "ఏమయ్యా, గుండెల మీద ఏదో నొక్కేస్తోంది," అంది. ముఖం బూడిద రంగుకి తిరిగింది. నాకు భయం వేసింది తల్లీ. భయం వేసి కూడా ఫోను తియ్యలేదు. "పిలిచి లాభం లేదు, వాళ్ళు రారు. నేనే తీసుకుపోతాను," అన్నాను. తీరంలోని పెద్దాసుపత్రి నూట ముప్పై కిలోమీటర్లు. ముందురోజు రాత్రి తొలిమంచు పడింది. కారుకి ఇంకా వేసవి టైర్లే ఉన్నాయి, మంచు మీద జారిపోయేవి.

నేను టైర్లు మార్చాను తూవా. అమ్మ కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని వంటింటి కిటికీ దగ్గర కూర్చుంది. నేను వాకిట్లో జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ మార్చాను. ఒక నట్టు తుప్పు పట్టి పది నిమిషాలు తిన్నది. మధ్యలో తల ఎత్తి చూస్తే అమ్మ చెయ్యి ఊపింది. బయల్దేరేసరికి పదకొండుం పావు. నలభై కిలోమీటర్లు పోయాక, దుంగల లారీలు తిరిగే మలుపు దగ్గర, తల నా భుజం మీద వాలింది. అప్పుడు పిలిచాను. పన్నెండుకి పది నిమిషాలు తక్కువ. మన ఊరి బండి, మన స్టేషనులోంచే బయల్దేరి, ఇరవై రెండు నిమిషాల్లో వచ్చింది. ఆ మంచులో ఎలా తోలుకొచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎమ్మెలీ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని ముప్పావుగంట అమ్మ గుండె నొక్కింది. చేతులు ఆగాక అడిగింది. "ఎప్పుడు మొదలైంది రోలండ్ గారూ?"

"పదింటికి."

ఆ పిల్ల గడియారం చూసుకుంది. "పొద్దున్నుంచీ స్టేషన్లోనే ఉన్నాం. కార్డులాడుకుంటున్నాం. మమ్మల్ని ఎందుకు పిలవలేదండీ?"

"మీరు రారు కదా," అన్నాను.

ఆ పిల్ల నా కోటు గుండీలు పెట్టింది, అంతే.

పోయినవారం వాళ్ళింటికి వెళ్ళాను. హాలంతా అట్టపెట్టెలు. ఉద్యోగం మానేసి తీరానికి పోతోంది, ఈ నెలాఖరుకి. క్షమించమని అడుగుదామని వెళ్ళి, గుమ్మంలో టోపీ నలుపుతూ నిలబడ్డాను. "లోపలికి రండి, చలి," అంది. కాఫీ ఇచ్చింది. ఊళ్ళో నిజం చెప్పేస్తానన్నాను. "చెప్తే బోర్డుకి దెబ్బ, ఆసుపత్రికి దెబ్బ. ఆ విభాగం ఉండాల్సిందేనండీ, నేను రోజూ చూస్తున్నాగా. చెప్పకపోతే నేనెలాగూ పోతున్నా. మీ ఇష్టం," అంది. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. ఆ పిల్ల పోయాక ఒక్క బృందమే మిగులుతుంది, ఇక వారాంతాల్లో స్టేషనుకి తాళమేనట. మార్చి నుంచి శనివారం నాడు ఇక్కడ పిలిచినా అంబులెన్సు రాదు. నేను రాసింది నేనే నిజం చేశాను.

మొన్న డబ్బా, కుంచె పట్టుకుని పొలిమేరకి వెళ్ళాను. తీసేసిన మాటలు మళ్ళీ రాద్దామని. కొలిచి చూశాను. అంత ఎత్తు అక్షరాల పక్కన నెలలో రెండు వారాంతాలకి చోటు లేదు. కుంచె కడుక్కుని ఇంటికి వచ్చేశాను. మూడేళ్ళు నిలబడ్డ ఊరిని ఒక్కమాటతో కూల్చలేను, ఆ పిల్ల పరువు తుడిచి నిద్రపోనూ లేను. నాకేమీ తోచడం లేదు. సిగ్‌బ్రిత్‌కి ఇంకా చెప్పలేదు. పద్నాలుగున నువ్వు ఫొటో పట్టుకుంటావో, పట్టుకోవో, పట్టుకుని ఏం చెబుతావో, నీకు తెలియకుండా మాత్రం నిలబడకూడదని రాస్తున్నాను. ఇక నన్ను నాన్నా అని పిలవాలనిపించకపోతే, అది కూడా నాకు అర్థమవుతుంది.

ఒక్కటి ఇంకా మిగిలింది. నువ్వు గీసిన మూడు గీతల్లో దీనికి ఖాళీ లేదు, రాయకుండా మడిచేద్దామనే అనుకున్నాను. మన వంటింటి కిటికీలోంచి ఫుట్‌బాల్ మైదానం అవతల స్టేషను గేటు కనబడుతుంది కదా. ఆ శనివారం గేటు తెరిచే ఉంది. మూడో చక్రం విప్పుతుంటే అమ్మ కిటికీ రెక్క తెరిచి, "ఏమయ్యా, బండి అక్కడే ఉందిగా, దీపాలు కూడా వెలుగుతున్నాయి. ఒక్కసారి పిలిచి చూడకూడదూ?" అంది.

"ఊరికే నిలబెట్టారు, లోపల మనుషులుండరు. కిటికీ ముయ్యి, చలిగాలి," అన్నాను.

మూసేసింది.

ఇట్లు,
నీ ఉత్తరం కోసం చూడడానికి కూడా ధైర్యం చాలని
మీ నాన్న,
రోలండ్