చిన్ని నేర్చుకున్న ప్యాకప్

మంగళవారం, రాత్రి

అయిదో తరగతితో ఆగిపోయిన చేతిరాత నాది. వరసలు వంకరపోతాయి, అక్షరాల్లో తప్పులుంటాయి. ఎవరు చూసినా క్షమించాలి.

సాయంత్రం మా చిన్ని మెట్ల మీద పడింది. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. నాలుగేళ్ల పిల్ల, ఏడవలేదు. పెదవులు బిగబట్టి "ప్యాకప్, ప్యాకప్" అని తనకు తానే చెప్పుకుంటోంది.

ఆ మాట నేర్పింది వాళ్ల నాన్నే. ఫిల్మ్ నగర్‌లో లైట్ల పని కదా, షూటింగ్ ముగిసిందని చెప్పే మాటతోనే ఇంట్లో పిల్ల ఏడుపు ఆపేవారు. ఆయన వేరే ఊళ్లో అవుట్‌డోర్ షూటింగ్‌కి వెళ్లి ఇరవై రోజులైంది. నాన్న కావాలని అది ఏడ్చినప్పుడల్లా నేనూ అదే అన్నాను. టక్కున ఆపేస్తే, ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయాను.

ఇవాళ భయమేసింది. ఒళ్లోకి తీసుకుని, "నొస్తుందా బిడ్డా? ఏడువు. ఇంకా ప్యాకప్ కాలే" అన్నాను.

"నాన్న యాదికొస్తే గూడ ఏడ్వొచ్చా?"

"ఏడ్వొచ్చు."

అప్పుడు ఏడ్చింది, వెక్కివెక్కి. నాకూ కన్నీళ్లు ఆగలేదు. అది ఏడుపు మధ్యలోనే నా ముఖం పట్టుకుని చూసి, "అమ్మా, నీకేడ తాకింది?" అని అడిగింది. కొంగుతో దాని ముఖం తుడిచాను.

తర్వాత ఆయన ఫోన్ చేశారు.

"ఏందే, గొంతు గట్లుంది?"

"జలుబు" అన్నాను.

"గోలీ ఏసుకో" అని పెట్టేశారు.

ఈ పేజీ ఎప్పుడైనా ఆయన చేతికి చిక్కితే ఆయనే కాల్చేయాలి. చదవకుండా మాత్రం కాల్చొద్దు.