కాకికిచ్చిన మాట

తమ్ముడూ,

నిన్న నీ సంవత్సరీకం. గోదావరి ఒడ్డున పిండం పెట్టాక ఎంతసేపు చూసినా కాకి ముట్టలేదు. "నీ అమెరికా స్టాంపుల పుస్తకం బడిపిల్లలకి ఇచ్చేస్తానురా" అన్నాకే వచ్చింది.

ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే స్టాంపులు జారిపడ్డాయి. చంద్రుడి మీద దిగిన మనిషి, బానిసల విడుదలకి గుర్తుగా వేసిన తెగిన గొలుసు, అన్నీ నువ్వు చూపించి కథ చెప్పినవే. ఎక్కడ పోతాయోనని, చిన్నప్పుడు గాలిపటాలు అతికించినట్టు అన్నం మెతుకులతో అంటించేశాను.

ఇవాళ కాకినాడ నుంచి నీ స్నేహితుడు వచ్చి చూశాడు. "ఏంటండీ అక్కగారూ ఇది! వాడు వీటిని వేలితో కూడా ముట్టుకునేవాడు కాదండీ, చిన్న పట్టకారుతోనే తీసేవాడు. జిగురంటితే స్టాంపు పాడైపోతుందండీ" అన్నాడు. నేను కంగారుగా ఊడదీయబోతే గొలుసు బొమ్మ సగానికి చిరిగిపోయింది.

పిల్లలకి ఈ పాడైన పుస్తకమే ఇవ్వనా? నిన్నడుగుదామంటే, కాకి నిన్ననే తిని ఎగిరిపోయింది.

అక్క