జిమ్‌లో మా మూల

జనవరి 20, మంగళవారం

వదినా,

రెండు వాయిల బట్టలు ఉతికాను, గుమ్మం ముందు మంచు ఎత్తాను, బీన్స్ సూప్ పొయ్యి మీద ఉంది. ఇక నిన్న ఎవరివైపు ఉన్నానని అడిగావు కదా, చెబుతాను.

మీ ఒరెగాన్‌లో ఓటు పోస్టులో వేస్తారు. ఇక్కడ అయోవాలో మా పార్టీ వాళ్ళం బడి జిమ్‌లో చేరి, నచ్చిన అభ్యర్థి మూలలో అందరూ చూస్తుండగా నిలబడతాం. గడువులోగా ఎవరైనా మూల మారవచ్చు; అప్పటికీ మంది చాలకపోతే ఆ మూల రద్దవుతుంది. నిలిస్తే జిల్లా సభకు ఒకరిని పంపవచ్చు.

అధ్యక్ష పదవికి పోటీపడుతున్న వాళ్ళందరి ప్రసంగాలూ విన్నాను. అందరూ మార్పు అన్నారు. వైద్యం అందరికీ ఇస్తానని, అందుకు పన్ను పెరుగుతుందని కూడా చెప్పినవాడు ఒక్కడే. బీమా లేక అన్నయ్య ఆపరేషన్ వాయిదా వేసుకున్నాడు కనుక నీకు వేరే కారణం చెప్పనక్కర్లేదు. గెలవడని తెలిసే అతని మూలకు వెళ్ళాను. ఒక్కరు తక్కువయ్యాం.

"ఇటొచ్చెయ్ తల్లీ, మా దగ్గర కుకీలున్నాయి!" అని పక్కింటి డ్యుయేన్ ఎదుటి మూల నుంచి అరిచాడు.

"అవి నేను చేసిచ్చినవేనయ్యా!"

గడువు ముగుస్తుండగా మా ఆయన వెర్లిన్, డ్యుయేన్ వాళ్ళ మూల వదిలి వచ్చి నా పక్కన నిలబడ్డారు.

"మీవాడు ఉట్టి వెర్రిబాగులోడు. నా మాట ఇప్పటికీ అదే," అన్నారు.

"మార్చుకోమని ఎవరడిగారు? కాస్త లోపలికి జరగండి, లెక్కపెడుతున్నారు."

మా మూల నిలిచింది. రాష్ట్రం మొత్తంలో మావాడు అట్టడుగున ఉన్నాడు.

నాలుగేళ్ళ కిందట వెర్లిన్ మూలలో ఒకరు తక్కువైతే, నేనూ మనసు మార్చుకోకుండానే వెళ్ళి నిలబడ్డాను. ఆ బాకీ తీరింది.